సముద్రపు గుర్రానికి నిషేధం ఒక్కటే చాలదు, గడ్డి కావాలి

భారత ప్రభుత్వం 2001లో సముద్రపు గుర్రాలను, వాటి కుటుంబానికి చెందిన గొట్టపు చేపలను వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూలులో చేర్చింది. పులికి, ఏనుగుకు ఉన్న చట్ట రక్షణ అరచేతిలో ఇమిడిపోయే ఈ చిన్న చేపకు కూడా లభించింది. దీనిని పట్టడం, ఎండబెట్టడం, అమ్మడం, ఎగుమతి చేయడం నేరాలయ్యాయి. ఆ నిషేధానికి దాదాపు రెండు దశాబ్దాల తరువాత దేశంలోని తీరప్రాంత మత్స్యకారులను కలిసి జరిపిన ఒక అధ్యయనం 2021లో ప్రచురితమైంది. సముద్రపు గుర్రాలు ఇప్పటికీ వలలలో పడుతూనే ఉన్నాయనీ, వాటిలో అధిక భాగం మరపడవల ట్రాల్ వలలలో, వేరే చేపల కోసం వేసిన పట్టులో, అనుకోకుండా చిక్కుతున్నవేననీ ఆ అధ్యయనం తేల్చింది. చట్టం అమలులో ఉన్నది, చేప చనిపోతూనే ఉన్నది.

ఈ వైరుధ్యానికి కారణం అమలులోని లోపమేనని సాధారణంగా భావిస్తారు. అది కొంతవరకే నిజం. అసలు కారణం ఆ ప్రాణి జీవశాస్త్రంలో ఉన్నది. నిషేధం చేపను సంతలో కాపాడగలదు గాని, అది నివసించే నేలను కాపాడలేదు. సముద్రపు గుర్రం జీవితమంతా ఆ నేలతో, దానిపై పెరిగే గడ్డితో ముడిపడి ఉన్నది. ఆ గడ్డి పూచి, కాచి, విత్తనం కట్టే మొక్క. కాబట్టి ఈ సమస్య మత్స్యశాస్త్రానికి ఎంత చెందుతుందో, సస్యశాస్త్రానికి, విస్తరణ విభాగానికి కూడా అంతే చెందుతుంది.

ఈదలేని చేప

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్న సామెత చేపల లోకంలో సముద్రపు గుర్రానికి చక్కగా వర్తిస్తుంది. శాస్త్రీయంగా హిప్పోకాంపస్ ప్రజాతికి చెందిన ఈ చేపలు నిటారుగా నిలబడి ఈదుతాయి. వీటికి పొలుసులు లేవు. శరీరమంతా ఎముక పలకల వలయాలతో కవచం వలె కప్పబడి ఉంటుంది. పొట్ట కింది రెక్కలు లేవు, ఇతర చేపలను ముందుకు నెట్టే తోక రెక్క కూడా లేదు. ఒక జాతి జన్యుపటాన్ని 2016లో ప్రచురించిన శాస్త్రవేత్తలు, ఇతర చేపలలో పొట్ట కింది రెక్కల ఏర్పాటుకు అవసరమైన ఒక జన్యువు ఇందులో లోపించినట్లు గుర్తించారు. వీపు మీది చిన్న రెక్కను సెకనుకు 35 సార్లకు పైగా ఆడిస్తూ ముందుకు కదులుతాయి, తల పక్కనున్న బుల్లి రెక్కలతో దిశ మార్చుకుంటాయి. ఇంత శ్రమపడినా వీటి వేగం అత్యల్పం.

ఈదే శక్తికి బదులుగా ప్రకృతి వీటికి పట్టుకునే శక్తి ఇచ్చింది. కోతి తోక కొమ్మను చుట్టుకొన్నట్లు, వీటి తోక గడ్డి పోచనో, పగడపు కొమ్మనో, మడచెట్టు వేరునో చుట్టుకొంటుంది. చాలా జంతువుల తోకలు అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా కనిపిస్తాయి. సముద్రపు గుర్రం తోక మాత్రం చతురస్రంగా ఉంటుంది. ఈ ఆకారం వలన తోకకు పట్టు బలంగా దొరుకుతుందనీ, నొక్కుడుకు తట్టుకొని తిరిగి యథాస్థితికి రాగలదనీ 2015లో వెలువడిన పరిశోధన నిరూపించింది.

ఆహారం విషయంలోనూ ఇది ఒక చోట నిలిచే జీవే. దీనికి పళ్ళు లేవు, జీర్ణకోశం కూడా లేదు. తిన్నది త్వరగా పేగుల గుండా పోతుంది కనుక పగలంతా తింటూనే ఉండాలి. ఆహారం కోపీపాడ్‌లు, చిన్న రొయ్యలు, వాటి పిల్లలు. గడ్డిలో కదలకుండా, పరిసరాల రంగులో కలిసిపోయి, ఒక్కొక్క కంటిని వేరువేరుగా తిప్పుతూ పొంచి ఉంటుంది. ఎర దగ్గరకు రాగానే గొట్టం వంటి మూతిని ఒక్కసారిగా పైకి లేపి లోపలికి పీల్చుకొంటుంది. మూతి చుట్టూ నీరు దాదాపు కదలని విధంగా తల ఆకారం అమరి ఉండటం వలన, నీటి కదలికను పసిగట్టి తప్పించుకోవడంలో నేర్పరియైన కోపీపాడ్ కూడా మోసపోతుంది. నిశ్చలమైన నీటిలో ఒక మరుగుజ్జు జాతి సముద్రపు గుర్రం 10 ప్రయత్నాలలో 9 సార్లు ఎరను పట్టగలిగిందని 2013లో ప్రచురితమైన ప్రయోగాలు చూపాయి.

పట్టుకొని నిలవడానికి ఒక ఆధారం, దాగడానికి ఒక మరుగు, ఎర తన దగ్గరకు వచ్చే కదలని నీరు ఉంటేనే ఇది బ్రతుకుతుంది. ఈ మూడూ ఉన్న చోట దీనికి సాటి వేటగాడు లేడు. ఈ మూడూ లేని చోటికి, ఈదలేని చేప కనుక, అది వలస పోయి బ్రతకనూ లేదు.

గర్భం మోసే తండ్రి

సముద్రపు గుర్రాలకు లోకంలో ఖ్యాతి తెచ్చినది మగచేప గర్భధారణ. ఆడచేప అండాలను మగచేప పొట్టమీది సంచిలోకి విడుస్తుంది. ఫలదీకరణ అక్కడే జరుగుతుంది. ఆ సంచి కేవలం మోసే తిత్తి కాదు. దాని గోడలోని రక్తనాళాలు పిండాలకు ప్రాణవాయువును అందిస్తాయి. సంచిలోని ద్రవంలో లవణాల పాళ్ళు క్రమంగా మారుతూ, పుట్టబోయే పిల్లలను సముద్రపు నీటికి అలవాటు చేస్తాయి. జాతిని బట్టి, నీటి ఉష్ణోగ్రతను బట్టి గర్భకాలం సుమారు 10 రోజుల నుంచి 6 వారాల వరకు ఉంటుంది. కాన్పుకు పిల్లలు చిన్న జాతులలో పదుల సంఖ్యలో, పెద్ద జాతులలో వందలలో, కొన్నింటిలో వేయికి పైగా ఉంటారు. పుట్టిన క్షణం నుంచి పిల్లలను చూసేవారు ఎవరూ ఉండరు. వాటిలో పెద్దవయ్యేవి అతి కొద్ది.

ఇంతకంటే గమనించదగినది వీటి దాంపత్యం. కెనడా శాస్త్రవేత్త అమాండా విన్సెంట్ ఆస్ట్రేలియా తీరంలో హిప్పోకాంపస్ వైటై జాతిని నీటి అడుగున నెలల తరబడి పరిశీలించి, ఒక సంతానోత్పత్తి కాలమంతా ఒక మగచేప ఒకే ఆడచేపతో జతకట్టి ఉంటుందని వెల్లడించారు. గర్భంతో ఉన్న మగచేప వద్దకు ఆడచేప ప్రతి ఉదయం వస్తుంది. రెండూ రంగు మార్చుకొంటాయి, ఒకే పోచను పట్టుకొని కొద్ది నిమిషాలు చుట్టూ తిరుగుతాయి, ఆపై విడిపోయి ఎవరి మేతకు అవి వెళతాయి. ఇది వినోదం కాదు. మగచేప కాన్పు నాటికి ఆడచేప అండాలు పక్వానికి వచ్చేలా ఇద్దరి శరీరధర్మాలను సమన్వయపరచే ఏర్పాటు. అందువల్లనే కాన్పైన కొద్ది గంటల నుంచి ఒకటి రెండు రోజులలోపే మగచేప మరల గర్భం ధరించగలుగుతుంది. అన్ని జాతులలోనూ ఇంత నియమం లేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తీరాలలోని పెద్దపొట్ట జాతి ఒకే జంటకు కట్టుబడి ఉండదు. అయినా పరిశీలించిన అనేక జాతులలో జంట జీవనమే కనిపించింది.

ఈ జీవనక్రమంలో బలం ఎంత ఉన్నదో బలహీనత కూడా అంతే ఉన్నది. జంటలో ఒకటి వలలో పడితే రెండవది కొత్త తోడును వెదుక్కోవాలి. కొద్ది చదరపు మీటర్ల మేరలో జీవించే, మెల్లగా కదిలే, పలుచగా విస్తరించిన ప్రాణికి అది తేలిక కాదు. పోయినది ఒక చేప అయినా, ఆగినది రెండు చేపల సంతానం. పోయినది గర్భంతో ఉన్న మగచేప అయితే దానితో పాటు వందల పిల్లలు కూడా పోతాయి. వల లెక్కలో ఒకటిగా కనిపించే నష్టం, సముద్రం లెక్కలో ఒకటి కాదు.

వలకు పేరు తెలియదు

దక్షిణాసియాలో సముద్రపు గుర్రాలకు ముఖ్యమైన ఆవాసాలు తమిళనాడు తీరంలోని పాక్ అఖాతం, మన్నారు సింధుశాఖ. నిషేధానికి ముందు ఇక్కడ సముద్రపు దోసకాయల కోసం మునిగే మత్స్యకారులు వీటిని కూడా చేతితో ఏరి తెచ్చేవారు. ఎండబెట్టిన చేపలు సింగపూరు, హాంకాంగ్ మార్కెట్ల ద్వారా చైనా సంప్రదాయ వైద్యానికి చేరేవి. ఆ రకమైన వేటను నిషేధం నిజంగానే దెబ్బతీయగలదు, ఎందుకంటే అందులో మనిషి చేపను చూసి, ఎంచుకొని పడతాడు. చట్టం మనిషి ఎంపికను మార్చగలదు.

ట్రాల్ వలలో ఎంపిక లేదు. బరువైన వల సముద్రపు అడుగును ఈడ్చుకొంటూ పోతుంది. రొయ్య కోసం వేసిన ఆ వల దారిలో ఉన్న గడ్డిని, స్పంజికలను, పగడపు కొమ్మలను, వాటిని పట్టుకొని ఉన్న సముద్రపు గుర్రాన్ని కూడా తెస్తుంది. ఒక పడవకు రోజుకు ఒకటో రెండో పడవచ్చు. పడవ యజమానికి అది లెక్కలోనికి రాని సంఖ్య. కానీ వేల పడవలు, ఏడాదికి వందల రోజులు అని గుణిస్తే దృశ్యం మారిపోతుంది. ఇరవైకి పైగా దేశాల సమాచారాన్ని క్రోడీకరించి 2017లో ప్రచురించిన అంచనా ప్రకారం, ఇలా పడే సముద్రపు గుర్రాలు ఏడాదికి సుమారు 3 కోట్ల 70 లక్షలు.

వ్యవసాయ విద్యార్థికి ఇది కొత్త పాఠం కాదు. పంటపై విచక్షణ లేకుండా చల్లిన పురుగుమందు పురుగుతో పాటు సాలెపురుగును, అక్షింతల పురుగును, పరాన్నజీవులైన కందిరీగలను కూడా చంపుతుంది. మిత్ర పురుగులను చంపరాదని శాసనం చేసినంత మాత్రాన మందుడబ్బాలోని విషం వాటిని వేరుచేసి వదలిపెట్టదు. అందుకే సమగ్ర సస్యరక్షణ మందు పేరును కాక, మందు వాడే తీరును మార్చింది. ఎప్పుడు, ఎక్కడ, ఎంత అన్న ప్రశ్నలు వేసింది. సముద్రపు గుర్రం విషయంలో ఇంకా ఆ దశ రాలేదు. జాతి పేరును జాబితాలో చేర్చడం జరిగింది గాని, వల దారిని మార్చడం జరగలేదు.

దీనివలన మరొక అనర్థం కూడా కలుగుతున్నది. వల పైకి వచ్చేసరికి చేప చాలాసార్లు చనిపోయి గాని, తీవ్రంగా గాయపడి గాని ఉంటుంది. తాను కోరని ఆ చేప పడవలో కనిపిస్తే శిక్ష పడుతుందని తెలిసిన మత్స్యకారుడు దానిని నీటిలో పారవేస్తాడు, లేదా గుట్టుగా అమ్ముతాడు. ఎక్కడ, ఎప్పుడు, ఏ జాతి, ఎన్ని పడ్డాయన్న సమాచారం శాస్త్రవేత్తకు చేరదు. రక్షించవలసిన ప్రాణి గురించి ఎక్కువ తెలిసిన మనిషి నోరు మెదపలేని స్థితి ఏర్పడింది. విస్తరణ విభాగానికి ఇంతకంటే పెద్ద అవరోధం ఉండదు.

నీటి అడుగున పచ్చికబయలు

సముద్రపు గడ్డిని నాచుగా పొరబడేవారు చాలామంది. ఇది నాచు కాదు. వేరు, కాండం, ఆకు, పువ్వు, విత్తనం గల ఏకదళబీజ మొక్క. ఒకప్పుడు నేలపై పెరిగి, కాలక్రమంలో సముద్రంలోకి తిరిగి వెళ్ళిన మొక్కల వంశానికి చెందినది. ప్రపంచంలో దీని జాతులు 70 వరకు ఉన్నాయి. పాక్ అఖాతం, మన్నారు సింధుశాఖ భారతదేశంలో వీటికి ప్రధాన స్థావరాలు. తెలుగు నేలకు దగ్గరలో పులికాట్ సరస్సులో కూడా ఈ గడ్డి కనిపిస్తుంది. సముద్రపు గుర్రాలన్నీ గడ్డిలోనే ఉండవు. హిప్పోకాంపస్ కుడా వంటివి గడ్డిని, మడ అడవుల అంచులను ఆశ్రయిస్తే, మూడు చుక్కల జాతి, ముళ్ళ జాతి వంటివి ఇంకా లోతైన ఇసుక, స్పంజికల నేలల్లో ఉంటాయి. మొదటి వాటికి గడ్డి, రెండవ వాటికి ఈడ్పు పడని నేల కావాలి.

ఈ పచ్చిక ప్రపంచమంతటా తరిగిపోతున్నది. 1879 నుంచి లభించిన కొలతలను పరిశీలించి 2009లో ప్రచురించిన సమీక్ష, నమోదైన విస్తీర్ణంలో 29 శాతం అంతరించిందని తేల్చింది. 1940కి ముందు ఏడాదికి 1 శాతానికి లోపు ఉన్న క్షీణత, 1990 తరువాత 7 శాతానికి చేరింది. ట్రాల్ వల, లంగరు, ఓడరేవుల పూడికతీత ఇందుకు కొన్ని కారణాలు. వ్యవసాయ శాస్త్రానికి నేరుగా సంబంధించిన కారణం ఇంకొకటి ఉన్నది. అది పోషకాల అధిక్యం.

సముద్రపు గడ్డికి వెలుతురు అవసరం ఎక్కువ. నీటి ఉపరితలంపై పడే కాంతిలో సగటున 10 శాతానికి పైగా అందితేనే అది నిలదొక్కుకొంటుంది. నీటిలో తేలే సూక్ష్మ శైవలాలకు 1 శాతం కాంతి సరిపోతుంది. నత్రజని, భాస్వరం నీటిలో పెరిగినప్పుడు మొదట లాభపడేవి ఆ శైవలాలే. అవి నీటిని మసకబారుస్తాయి. గడ్డి ఆకులమీద నాచు పొర పెరుగుతుంది. మొక్క ఎరువు ఎక్కువై, వెలుతురు తక్కువై చనిపోతుంది. కలుపు నీడలో వరి నారు పాలిపోవడం చూసినవారికి ఈ ప్రక్రియను వివరించనవసరం లేదు.

వరికి వేసిన నత్రజనిలో పంట గ్రహించేది సాధారణంగా 30 నుంచి 40 శాతం. మిగిలినదానిలో కొంత గాలిలో, కొంత భూమిలో, కొంత మురుగు కాల్వలలో కలుస్తుంది. కావేరి డెల్టా దక్షిణ పాయలు ముత్తుపేట మడుగు ద్వారా పాక్ అఖాతాన్ని చేరుతాయి. కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు కాల్వలు బంగాళాఖాతాన్ని చేరుతాయి. రైతు గట్టు దగ్గర ఆగిపోయినట్లు కనిపించే యూరియా ప్రయాణం నిజానికి సముద్రం దాకా సాగుతుంది. సస్యశాస్త్రం తన బాధ్యతను గట్టు దాకానే పరిమితం చేసుకోవడం శాస్త్రసమ్మతం కాదు.

విత్తనం చల్లిన సముద్రం

పోయిన గడ్డిని తిరిగి తేవచ్చుననడానికి అమెరికాలోని వర్జీనియా రాష్ట్ర తీరపు మడుగులు నిదర్శనం. అక్కడి ఈల్‌గ్రాస్ అనే గడ్డి 1930ల తొలినాళ్ళలో తెగులు వలన క్షీణించి, 1933 నాటి తుఫానుతో పూర్తిగా అంతరించింది. దానితోపాటు గడ్డిలో పెరిగే స్కాలప్ ఆల్చిప్పల వేట కూడా మూతపడింది. ఏడు దశాబ్దాల తరువాత శాస్త్రవేత్తలు, స్వచ్ఛంద సేవకులు వసంతంలో పూతగడ్డి కోసి, తొట్లలో విత్తనాలను వేరుచేసి, శరదృతువులో పడవల నుంచి చల్లారు. రెండు దశాబ్దాలలో చల్లిన విత్తనాలు 7 కోట్లకు పైగా. సుమారు 200 హెక్టార్లలో విత్తినది తనంతట తాను వ్యాపించి 3,600 హెక్టార్లకు పెరిగినట్లు 2020లో నమోదైంది. విత్తన సేకరణ, నిల్వ, మోతాదు, విత్తే అదను, మొలక శాతం అన్నీ సస్యశాస్త్రపు పదాలే. ఆ మడుగులలోకి వచ్చే పోషకాలు తక్కువ కావడం, నీరు తేటగా ఉండటం ఈ విజయానికి ముఖ్య కారణాలు.

దాని పక్కనే ఉన్న చెసాపీక్ అఖాతం అనుభవం మరొక పాఠం. 1984 తరువాత అక్కడ మురుగునీటి శుద్ధితో పాటు పొలాలలో ఆచ్ఛాదన పంటలు, పశువుల ఎరువు యాజమాన్యం వంటి చర్యలు చేపట్టారు. నీటిలో నత్రజని 23 శాతం తగ్గింది. సుమారు 17,000 హెక్టార్లలో నీటి మొక్కలు తిరిగి వచ్చాయి. పొలంలో మారిన పద్ధతి సముద్రపు అడుగున పచ్చగా కనిపించిన సందర్భమిది. అయితే ఆ అఖాతపు ఉప్పునీటి భాగంలో ఈల్‌గ్రాస్ వేడిమి వలన ఇంకా ఇబ్బంది పడుతున్నది. పోషకాలను తగ్గించడం అవసరమే గాని, అన్ని రోగాలకూ అదే మందు కాదు.

గడ్డి గాని, మెత్తని పగడాలు గాని పూర్తిగా పోయిన చోట తాత్కాలిక ఆధారం కూడా పనిచేస్తుంది. ఆస్ట్రేలియాలోని పోర్ట్ స్టీఫెన్స్‌లో 2018 నుంచి ఇనుప చువ్వల బోనులను నీటిలో దించారు. వాటిమీద నాచు, స్పంజికలు పెరగగా అంతరించే దశలో ఉన్న వైటై జాతి వాటిని ఆశ్రయించింది. దక్షిణాఫ్రికాలోని నైస్నా నదీముఖంలో, ఒడ్డు కోతను ఆపడానికి పరచిన రాళ్ళు నింపిన తీగ బుట్టలపై, అక్కడి అరుదైన సముద్రపు గుర్రాలు ఎక్కువ సాంద్రతలో కనిపించాయి. పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండటం ఆ చేపకు ఎంత ముఖ్యమో ఈ రెండు ఉదాహరణలు తెలుపుతున్నాయి.

రెండు అభ్యంతరాలు

పెంపకం చేపడితే సమస్య తీరుతుందన్నది మొదటి వాదన. చైనాలో 1950ల నుంచి ఈ ప్రయత్నాలు ఉన్నాయి. భారతదేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ హిప్పోకాంపస్ కుడాను ప్రయోగశాలలో పునరుత్పత్తి చేయించగలిగింది. సాంకేతికంగా ఇది సాధ్యమే. అయితే పిల్లలకు తొలి వారాలలో సజీవమైన సూక్ష్మాహారం నిరంతరం కావాలి. కోశం లేని చేపకు పూటకు ఒకసారి వేసే మేత చాలదు. ఖర్చు ఎక్కువ, మరణాలు ఎక్కువ. పెంచిన చేప మార్కెట్‌లో ఎంత ఉన్నా, ట్రాల్ వల అనుకోకుండా పట్టే చేప తగ్గదు, ఎందుకంటే ఆ వల దాని కోసం వేసినది కాదు. పెంపకం పరిశోధనకు, క్షీణించిన చోట తిరిగి వదలడానికి ఉపయోగపడవచ్చు. ఆవాసానికి అది ప్రత్యామ్నాయం కాదు.

నిషేధాన్ని తొలగించి, పరిమాణ నియమంతో వేటను అనుమతించవచ్చునన్నది రెండవ వాదన. అంతర్జాతీయ వన్యజీవి వాణిజ్య ఒప్పందం 2004 నుంచి సముద్రపు గుర్రాలను రెండవ అనుబంధంలో ఉంచి, కనీసం 10 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న చేపలనే వ్యాపారానికి అనుమతించాలని సూచించింది. ఆ ఎత్తుకు ముందే చాలా జాతులు ఒకసారైనా పిల్లలను కనగలవన్నది దాని ఆధారం. చేతితో ఏరే వేటకు ఇది తగిన నియమమే. ట్రాల్ వలకు మాత్రం 8 సెంటీమీటర్లకు, 10 సెంటీమీటర్లకు తేడా తెలియదు. కాబట్టి నిషేధం ఉండవలసిందే. అది తొలి మెట్టు మాత్రమేనన్న గ్రహింపు కూడా ఉండవలసిందే.

విస్తరణ విభాగం చేయదగినవి

మొదటిది, స్థలాన్ని కాపాడటం. తమిళనాడు ప్రభుత్వం 2022లో పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్లను ఆవుచేప సంరక్షణ క్షేత్రంగా ప్రకటించింది. ఆవుచేప తినేది సముద్రపు గడ్డినే కనుక, గడ్డికి కలిగిన రక్షణ సముద్రపు గుర్రానికి కూడా చెందుతుంది. తీరానికి 3 నాటికల్ మైళ్ళ లోపు మరపడవలు వేటాడరాదన్న నియమం ఆ రాష్ట్రంలో 1983 చట్టం నుంచే ఉన్నది. గడ్డి మేర ఎక్కడిదాకా ఉన్నదో చూపే పటం మత్స్యకారుల చేతిలో ఉంటే ఆ నియమానికి అర్థం తెలుస్తుంది. ఆ పటాన్ని వారితో కలిసి గీయడమే విస్తరణ.

రెండవది, మాట్లాడనివ్వడం. అనుకోకుండా పడిన చేపను దాచకుండా తెలిపే మత్స్యకారుడికి భయం లేని విధానం కావాలి. పడిన చోటు, లోతు, తేదీ, గర్భం ఉన్నదా లేదా అన్న నాలుగు వివరాలు చాలు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట విరామం ఎలాగూ ఉన్నది. పడవలు ఒడ్డున ఉండే ఆ రోజులు శిక్షణకు, చర్చకు అనువైనవి. రొయ్య పిల్లలు, చిన్న చేపలు పెరిగేది కూడా అదే గడ్డిలో కనుక, గడ్డిని కాపాడటం మత్స్యకారుడి రేపటి పట్టును కాపాడటమే. ఈ మాట వారికి ఉపదేశంగా కాక, వారి అనుభవం నుంచే రావాలి.

మూడవది, పొలంలో మొదలుపెట్టడం. భూసార పరీక్షను బట్టి ఎరువు, దఫదఫాలుగా నత్రజని, ఆకు రంగు పట్టిక వాడకం, పచ్చిరొట్ట, పొలంలో నీటి నిల్వపై అదుపు వంటివి విస్తరణ సిబ్బంది నిత్యం చెప్పే మాటలే. ఇంతకాలం వీటిని ఖర్చు తగ్గింపు కోసం చెప్పారు. డెల్టా చివరి మండలాలలో మురుగు కాల్వ నీటిలోని నత్రజనిని పంట దశలవారీగా కొలిచి, ఆ లెక్కను రైతు ముందు ఉంచితే అదే సలహాకు రెండవ కారణం తోడవుతుంది. స్నాతకోత్తర విద్యార్థికి ఇది చక్కని పరిశోధనాంశం. పొలం నుంచి కాల్వ, కాల్వ నుంచి మడుగు, మడుగు నుంచి గడ్డి దాకా ఒకే గొలుసుగా చదవగల విద్యార్థులు వ్యవసాయ, మత్స్య విశ్వవిద్యాలయాల ఉమ్మడి కృషితోనే తయారవుతారు.

నాలుగవది, గడ్డిని పంటగా అధ్యయనం చేయడం. విత్తన సేకరణ, నిద్రావస్థ, మొలక, నాటే పద్ధతి, ఎడం వంటి విషయాలలో సస్యశాస్త్రానికి ఉన్న నైపుణ్యం మరే శాస్త్రానికీ లేదు. వర్జీనియాలో ఫలించినది పాక్ అఖాతపు జాతులకు యథాతథంగా సరిపోదు. ఇక్కడి గడ్డిజాతులలో కొన్నింటిని విత్తనం కన్నా కాండపు ముక్కలతో నాటడమే మేలు కావచ్చు. ఏది మేలో చెప్పగలిగేది క్షేత్ర ప్రయోగమే.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం సంరక్షణ కాదు. వల పైకి లాగిన తరువాత పడవలోని చేపను లెక్కించి కేసు పెట్టడం అటువంటిదే. సముద్రపు గుర్రం పారిపోలేదు, ఎదిరించలేదు, కొత్త చోటును వెదుక్కోలేదు. అది చేయగలిగినది ఒక్కటే, పోచను పట్టుకొని నిలవడం. ఆ పోచ అక్కడ ఉండేటట్లు చూడటం మనిషి పని. అందులో సగం పని సముద్రంలో వల దగ్గర ఉంటే, మిగిలిన సగం పని పొలంలో యూరియా బస్తా దగ్గర ఉన్నది.